నవ్వు షాటు

నాలుగు గంటలు పడుతుందన్నారు. ఏడున్నరకు లోపలికి తీసుకువెళ్లారు. కనుక పదకొండున్నరకు ముగియాలి. ఇప్పుడు పదకొండూ ముప్పై నాలుగు. నాలుగు నిమిషాలు ఒక తేడా కాదని నాకు తెలుసు. ముప్పై మూడేళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, కొలత ఉన్నచోట దోషం ఉంటుందని, దోషం ఎంతో చెప్పని కొలత కొలతే కాదని తరానికి తరం పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి. డాక్టరు చెప్పిన ఆ నాలుగు గంటలకు అటూ ఇటూ ఎంత అని అడగకుండా తలూపి వచ్చినవాణ్ణి కూడా నేనే. గోడకు బిగించిన తెర మీద రోగుల పేర్లు వరుసగా ఉన్నాయి. మూడో వరుస మాది: పద్మావతి, అరవై ఎనిమిది, థియేటర్ మూడు, ఎర్ర అక్షరాల్లో ‘శస్త్రచికిత్స జరుగుతోంది’. పై రెండు వరుసలూ పొద్దున ఎర్రగానే ఉండి ఒకదాని తరువాత ఒకటి ఆకుపచ్చగా మారాయి. మారగానే ఒక్కొక్క కుటుంబం సంచులు సర్దుకుని, మిగిలినవాళ్ల ముఖాల్లోకి చూడకుండా లేచి వెళ్లిపోయింది. మా వరుస ఎర్రగానే ఉంది. ఆ ఎరుపు వెనుక ఏం జరుగుతుందో డాక్టరు మొన్న తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు: గుండెను ఆపుతారు, ఒంటిని చల్లబరుస్తారు, రక్తాన్ని ఒక యంత్రం తిప్పుతుంది, గంటన్నర సేపు ఆ మనిషికి నాడి ఉండదు, ఊపిరి ఉండదు, ఈలోగా పాడైన కవాటం తీసి కొత్తది కుడతారు. ఆయన చెబుతుంటే పద్మావతి నాకేసి తిరిగి, “మీ కథలాగే ఉందండీ,” అంది. అవును. ఆరు వారాల వ్యవధిలో ఆమె చనిపోయినదానిలా పడుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి నా కథ కోసం పడుకుంది.

ఆ కథ పేరు ‘ఐసుదిమ్మ’. నేను రాసిన ఒకే ఒక్క కథ. ఏలూరులో మా హేతువాద మిత్రులం ఆదివారం సాయంత్రాలు కలుసుకునే చదువుగదిలో, దయ్యాన్ని నమ్మనివాడు భయపెట్టే కథ రాయలేడని సీతారామయ్య అనే తెలుగు మేష్టారు నన్ను రెచ్చగొడితే పుట్టింది; ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఒక వారపత్రికలో అచ్చయింది. ఒక బడిపంతులు భార్య చనిపోతుంది. దూరాభారం నుంచి చుట్టాలు రావలసి ఉంది కనుక శవాన్ని ఐసుదిమ్మ మీద ఉంచుతారు. మిట్టమధ్యాహ్నం, ఇంటిల్లిపాదీ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోతుండగా, పక్కన కూర్చున్న భర్తకు ఆమె రొమ్ము ఒక గోరుమందం లేచి దిగినట్టు కనిపిస్తుంది. మళ్లీ. మళ్లీ. మూడు పేజీల పాటు అంతే, ఇంకేమీ జరగదు. చివరి పేరాలో అతనికి కారణం తడుతుంది: ఐసు కరుగుతోంది, దిమ్మ ఒక పక్కకు కుంగుతోంది, మీది శరీరం దానితోపాటు సర్దుకుంటోంది. అతడు లేచి తువ్వాలుతో నేల మీది నీళ్లు తుడుస్తాడు. ఆ చివరి పేరా కోసమే నేను ఆ కథ రాశాను. మిగిలినదంతా దానికి వేసిన నిచ్చెన. పద్మావతి అప్పటికి కాపురానికి వచ్చి ఐదేళ్లు. నా దస్తూరీ కంపోజింగు వాళ్లకు అర్థం కాదని శుద్ధప్రతి తానే రాసింది. రాస్తూ రాస్తూ తలెత్తి, “చంపడానికి మీకు నేనే దొరికానా?” అంది. నువ్వు కాదు, అదొక పాత్ర, అన్నాను. “పాత్రకి నా చుక్కల చీర ఎందుకు కట్టారు మరి?” అంది.

పదకొండూ నలభై ఒకటి. కిటికీ అవతల అద్దాల మేడకు తాళ్లతో వేలాడుతూ ఇద్దరు మనుషులు గాజుగోడ తుడుస్తున్నారు. ఎనిమిదో అంతస్తు దగ్గర ఉన్నారు. నేను ఇక్కడ కూర్చున్నప్పుడు పన్నెండో అంతస్తు దగ్గర ఉన్నారు. అంటే గంటకు ఒక అంతస్తు, అంటే వాళ్లు నేలకు దిగేసరికి రాత్రి ఏడున్నర దాటుతుంది. ఇటువంటి లెక్కలు చేయడం నాకు అలవాటు, ఎందుకంటే లెక్క ఉన్నంతసేపు మనసు కుర్చీలో కూర్చుంటుంది. పక్కన మా అమ్మాయి జ్యోత్స్న ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని చెవులకు తగిలించుకున్న యంత్రంలోకి ఇంగ్లీషులో ఎవరికో సర్దిచెబుతోంది; ఆమె ఆఫీసు ఈ కిటికీలోంచే కనిపిస్తుంది; సెలవు పెట్టింది, కానీ ఆ కొలువుల్లో సెలవంటే చోటు మారడమే. మధ్యలో మైకు మూసి, “నాన్నా, ఆ స్క్రీన్‌ని అలా చూడకండి. మీరు చూస్తే రంగు మారదు,” అంది. ఈ మాట నేను చెప్పవలసినది. గ్రహణం పూట నడివీధిలో బల్లలు వేయించి, బతిమాలి, దబాయించి జనం చేత పులిహోర తినిపించిన రోజుల్లో, చూసినంత మాత్రాన, తిన్నంత మాత్రాన, అనుకున్నంత మాత్రాన ప్రపంచం మారదని మైకులో చెప్పినవాణ్ణి నేను. అప్పుడు జ్యోత్స్న పద్మావతి కడుపులో ఉంది. ఏడో నెల. మొదటి ముద్ద ఆమే తిన్నది, అందరూ చూస్తుండగా, నవ్వుతూ. ఇంటికి వచ్చాక, కాళ్లు కడుక్కుంటూ, “బిడ్డకేం కాదు కదండీ?” అని ఒక్కసారి అడిగింది. నేను చంద్రుడి కక్ష్య గురించి పావుగంట చెప్పాను. చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. ఆమె చెంబు కింద పెట్టి అలాగే నిలబడి ఉన్నదని మాత్రం ఇప్పుడు జ్ఞాపకం వస్తోంది.

నా కథను తెరకెక్కించిన రసజ్ఞకు అది ఎలా దొరికిందంటే, పాత పత్రికలను ఎవరో పుణ్యాత్ములు నెట్‌లో పెట్టారట. ఇరవై ఏడేళ్ల పిల్ల, ఈ అద్దాల మేడల్లోనే ఒకదానిలో ఉద్యోగం చేసి, మానేసి, పొట్టి సినిమాలు తీస్తోంది: ఐదు భయం కథలు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు, ఏదో ఓటీటీ కోసం. నిజాంపేటలోని మా ఇంటికి వచ్చి పద్మావతి పెట్టిన పెసరట్లు మూడు తిని, ఆమెను పది నిమిషాల్లో ఆంటీని చేసుకుంది. నన్ను చివరిదాకా సర్ అనే అంది. నాతో పోట్లాడింది ఒక్క విషయం మీదే, ఆ చివరి పేరా మీద. “సర్, ఐస్ కరుగుతోందని చెప్పేశాక ఎవడూ భయపడడు సర్. ఫోన్ తీసి మెసేజ్‌లు చూసుకుంటాడు,” అంది. ఆమె ముగింపు వేరు. నీళ్లు తుడవడం లేదు. భర్త వంగి, భార్య గుండె మీద చెవి ఆనిస్తాడు; అక్కడితో తెర నల్లబడుతుంది. అది మోసం, అన్నాను. కారణం తెలిసీ దాచడం మంత్రగాళ్ల పని అన్నాను. ఆమె అట్టు ముక్క తుంచుతూ, “కారణం తెలిసినాయన మళ్లీ వంగి చూడడు కద సర్,” అంది. అదేదో చమత్కారం అనుకుని వదిలేశాను. చివరి పేరా తీసేయడానికి ఇంతవరకు నేను ఒప్పుకోలేదు. అనుమతి అడుగుతూ ఆమె పంపిన ఉత్తరం ఆరు వారాలుగా నా జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఆనాడు నాకు తట్టనిది ఇంకొకటి ఉంది. కాగితం మీద శవానికి ఎవరూ పడుకోనక్కరలేదు. ‘ఆమె కదలకుండా పడుకుని ఉంది’ అని రాస్తే చాలు, పాఠకుడు తన ఇంట్లోంచి ఎవరినో తెచ్చి పడుకోబెట్టుకుంటాడు. ఎవరిని తెచ్చాడో మనకు చెప్పడు, తనకు తానూ చెప్పుకోడు, భయమంతా ఆ గుట్టులోనే ఉంటుంది. తెరకు అలా కుదరదు. తెరకు ఎవరో ఒకరు ఒళ్లు తీసుకువచ్చి పడుకోవాలి.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో, నాలుగు పక్కలా ముప్పై అంతస్తుల మేడలు లేచినా ఎందుకో అమ్ముడుపోకుండా మిగిలిన పెంకుటింట్లో షూటింగు. బయట షేర్ ఆటోల వాళ్లు గొంతు చించుకుంటుంటే, శబ్దం పట్టే అతను తల పట్టుకుని కూర్చున్నాడు. ఐసు నిజం కాదు. లోపల దీపం పెట్టిన ప్లాస్టిక్ దిమ్మ. శవం వేషానికి పిలిచిన పెద్దావిడ వచ్చింది, పౌడరు రాయించుకుంది, ముక్కుల్లో దూది అనగానే లేచిపోయింది. మనవరాలికి ముహూర్తం పెట్టుకున్నారట, ఈ నెలలో శవంగా పడుకోనంది. అందరూ నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉండగా, సరదాగా చూడటానికి వచ్చిన పద్మావతి, చేతిలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, “దానికేముందమ్మా, నేను పడుకుంటాను. ఈయన కథలో నేను ఎలాగూ చచ్చినదాన్నేగా,” అంది. వద్దని నేను అనలేదు. అనడానికి కారణం ఏదీ కనిపించలేదు. అక్కడ ఒక విచిత్రం గమనించాను: శవం ఊపిరి తీసినట్టు భ్రమ కలిగించే షాటులో పద్మావతి మామూలుగా ఊపిరి తీసింది, శవం శవంగా ఉన్న షాటులో ఊపిరి బిగబట్టింది. అంటే జనం జడుసుకోవలసిన షాటు నిజం, జడుసుకోనక్కరలేని షాటు నటన. ఈ సంగతి నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. నేను రాసుకుంటుంటే రెండో టేకు అయింది; ఆమె లేచి కూర్చుని, “ఆయాసంగా ఉందండీ, నాలుగంతస్తులు ఎక్కినట్టు,” అంది. ఊపిరి బిగబట్టినప్పుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుందని, అది మెదడును హెచ్చరిస్తుందని, అందులో కంగారు పడవలసింది లేదని చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లు శ్రద్ధగా విన్నారు. ఆమె తలూపి మళ్లీ పడుకుంది.

మూడో టేకు బాగా వచ్చింది. అప్పుడు నర్సయ్య ముందుకు వచ్చాడు. నర్సయ్య దీపాల మనిషి, మూసాపేటలో ఉంటాడు, ముప్పై ఏళ్లుగా సినిమాలకు వెలుతురు పెడుతున్నాడు. “అమ్మా, జర గట్లనే ఉండుండ్రి,” అని పద్మావతిని లేవనివ్వకుండా, రసజ్ఞతో, “మేడం, నవ్వు షాటు తియ్యాలె,” అన్నాడు. అదేమిటని అడిగాను. “శవం షాటు అయినంక గా మనిషిని నవ్విపిచ్చి కెమెరాల వట్టాలె సార్. సిన్మాల వెట్టరు, ఊకె తీసి వెడ్తరు. సచ్చినట్టు పండుకున్నంక, లే బతికే ఉన్న అని ఒక్కపారి సూపెట్టాలె గద.” పరిశ్రమలో అది పాత ఆచారమట, రసజ్ఞ, “పది సెకన్లు సర్, సెంటిమెంట్ అంతే,” అని నేలచూపులు చూసింది. నా కథ. నా ఎదుట. నేను పద్మావతికీ కెమెరాకూ వీపు పెట్టి, నర్సయ్యకు అభిముఖంగా నిలబడి మాట్లాడాను. మూడే వాక్యాలు మాట్లాడాను, అవి నాకు అక్షరాలా గుర్తున్నాయి, ఎందుకంటే నా జీవితంలో అంత సూటిగా ఎప్పుడూ మాట్లాడలేదు. “ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన ముందుది వెనుకదానికి కారణం కాదు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సంగతి మీరు వినే ఉంటారు. అంతదాకా ఎందుకు, నా భార్యనే చూడండి: నలభై మూడేళ్లుగా నా ఉపన్యాసాలు వింటోంది, ఆమెకేమైనా అయిందా?” గదంతా గొల్లుమంది. నర్సయ్య నా భుజం మీదుగా ఎటో చూశాడు, అతని ముఖం విప్పారింది, చేతులు జోడించి, “గెలిచిండ్రు సార్. ఇగ నవ్వు షాటు అక్కెర్లేదు,” అన్నాడు. నలభై ఏళ్ల ప్రచారంలో ఒక మనిషి అక్కడికక్కడే మారడం నేను చూడటం అదే మొదలు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పద్మావతి, “ఇవాళ బాగా మాట్లాడారండీ,” అని చెంగుతో నోరు కప్పుకుంది. దుమ్ముకు కప్పుకుంది అనుకున్నాను.

పన్నెండు రోజుల తరువాత మెట్ల మీద కూలిపోయింది. కూరగాయల సంచీ జారి వంకాయలు మెట్టు మెట్టుకూ దొర్లాయి. ఆ దొర్లే చప్పుడు విని తలుపు తీశాను. కవాటం ఎండిన మొగ్గలా బిగుసుకుపోయిందని, అది పదేళ్లుగా బిగుసుకుంటూ ఉండాలని డాక్టరు అన్నాడు. పదేళ్లు. ఆ అంకెను ఈ నెల్లాళ్లూ మెట్ల కమ్మీని పట్టుకున్నట్టు పట్టుకుని నడుస్తున్నాను. పదేళ్ల కిందట మొదలైనదానికి ఆరు వారాల కిందటిది కారణం కానేరదు, బడిపిల్లవాడికైనా తెలిసిన సంగతి. అయితే ఏడున్నరకు ఆ తలుపు మూసుకున్నప్పుడు ఒక వాక్యం, నాది కాని వాక్యం, లోపలికి వచ్చి కూర్చుంది: ఆమె నవ్వలేదు. పడుకుంది, లేచింది, దూది తీసేసుకుంది, నవ్వలేదు, నేను నవ్వనివ్వలేదు. దాన్ని ఖండించాను. అది ఖండనను ఒప్పుకుంది, లేచి వెళ్లలేదు. చలిగదిలో పద్మావతి, గుండె ఆగి, నా కథలోలాగే పడుకుని ఉంది, బతికే ఉన్నానని చూపించే పది సెకన్లు ఎక్కడా లేవు. నమ్మనివాడు భయపడలేడనుకోవడం నా జీవితమంతటిలోకీ పెద్ద పొరపాటు. నమ్మకం లేకుండానే భయపడవచ్చు. అది ఇంకా అధ్వాన్నం. మొక్కుకోవడానికి ఎవరూ ఉండరు.

పదకొండూ యాభై ఆరు. ఎరుపు. ఇరవై ఆరు నిమిషాలు ఒక తేడాయే. జ్యోత్స్న మాట్లాడుతున్నది ఆపి, లాప్‌టాప్ మూసి, “అది ఎవరో అప్‌డేట్ చెయ్యడం మర్చిపోయి ఉంటారు నాన్నా. నేను లోపల అడిగొస్తాను, మీరు ఇక్కడే ఉండండి,” అని లేచింది. ఆమె మలుపు తిరిగేదాకా ఆగాను. తరువాత, బీరువా వెనుక దాక్కుని చుట్ట కాల్చేవాడిలా, స్తంభం పక్కకు వెళ్లి ఫోను చేశాను.

“సర్! ఆంటీ ఎలా ఉన్నారు? అయిపోయిందా?” రసజ్ఞ గొంతు వెనుక ఎక్కడో మెట్రో రైలు చప్పుడు.

“ఇంకా లోపలే ఉందమ్మా. ఒక సాంకేతిక విషయం అడగాలి. ఆ నవ్వు షాటు అనేది ఉందే, దాన్ని షూటింగు రోజునే తీయాలా? లేక తరువాత, మనిషి కోలుకున్నాక ఎప్పుడైనా...”

వాక్యం ముగించలేకపోయాను. ఆ పిల్ల నవ్వి ఉంటే ఫోను పెట్టేసేవాణ్ణి. నవ్వలేదు. “ఒక్క నిమిషం సర్, నర్సయ్యన్న ఇక్కడే ఉన్నడు,” అంది.

“నమస్తే సార్. పరేషాన్ కాకుండ్రి. అమ్మ నవ్వింది.”

“ఎప్పుడు?”

“మీరు నాకు క్లాసు వీకినప్పుడే. మీరు నా దిక్కు మొకం వెట్టిండ్రు, అమ్మ మీ ఎన్క ఉండె. నలభై మూడేండ్ల సంది నా లెక్చర్లు ఇంటున్నది, ఏమన్న అయిందా అన్నరు సూడుండ్రి, గప్పుడు. ముక్కుల దూది ఎగిరొచ్చి నా కాళ్లకాడ వడ్డది సార్! గదంత ఎందుకు నవ్విండ్రనుకున్నరు?”

నా చమత్కారానికి నవ్వారనుకున్నాను. “కెమెరా ఆగిపోయింది కదా,” అన్నాను.

“మేడం కట్ చెప్పనే లే. మీరు మాట్లాడవడ్తిరి, ఆమె ఏం చెప్తది? అంత వడ్డది కెమెరాల. గందుకే గద నేను అక్కెర్లేదన్నది.”

అంటే నా గెలుపు అది. స్తంభానికి వీపు ఆనించాను. “నర్సయ్యా, అది నన్ను చూసి నవ్విన నవ్వు. కావాలని నవ్వింది కాదు. అది చెల్లుతుందా?”

“నవ్వుకు చెల్లుడేంది సార్? పైసలా? సచ్చినామె నవ్విందా, కెమెరాల వడ్డదా, గంతే. అయినా మనిషి కావాల్నని నవ్వేదే దొంగ నవ్వు. గిది అసలుది.” గొంతు తగ్గించి, “మీతోని చెప్పద్దన్నది అమ్మ. మీ మనసు నొస్తదని,” అన్నాడు.

రసజ్ఞ వెంటనే నా ఫోనుకు పంపిన ముక్క నిడివి ఇరవై తొమ్మిది సెకన్లు. తెరలో సగం నా వీపు. మెడ వెనుక చొక్కా కాలరు మడత విప్పుకుని ఉంది, ఎవరూ చెప్పలేదు. నా భుజానికి కుడిపక్కన, తెల్లటి దిమ్మ మీద, చుక్కల చీరలో పద్మావతి. మొదటి వాక్యానికి కదలదు. ముసలమ్మ సంగతికి పెదవి ఒక మూల కొద్దిగా వణుకుతుంది. మూడోదానికి ముఖమంతా ఒక్కసారి పగులుతుంది; దూది ఎగురుతుంది; కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ నోటి మీద అదుముకుని, చప్పుడు బయటికి రాకుండా, కాపురానికి వచ్చిన కొత్తల్లో మా అమ్మ ముందు నవ్వు ఆపుకున్నట్టే నవ్వుతుంది. రెండోసారి చూశాను. మూడోసారి చూస్తున్నప్పుడు, కళ్లు నవ్వుకు అలవాటు పడి ఉండాలి, దాని తరువాతి ఆరు సెకన్లు కనిపించాయి. నవ్వు ఆగాక ఆమె చేయి నోటి మీదినుంచి రొమ్ము మీదికి జారుతుంది. నోరు తెరుచుకుంటుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు: చేపలా గాలి తీసుకుంటుంది. గదిలో అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నేను వెనక్కి తిరగలేదు. నర్సయ్య ఒక్కడు మంచినీళ్ల సీసా అందుకోవడానికి వంగుతాడు, అక్కడ ముక్క అయిపోతుంది. పట్టించుకోవలసిన శకునం ఏదీ లేదని నేను నిరూపిస్తున్న ఆ ఇరవై తొమ్మిది సెకన్లలోనే పట్టించుకోవలసిన లక్షణం నా వెనుక ఉంది. నవ్వుకూ ఆయాసానికీ, రెండింటికీ నా వీపే సాక్షి. కారణం తెలిసినాయన మళ్లీ వంగి చూడడు కద సర్. రసజ్ఞ ఆ మాట చమత్కారానికి అనలేదు.

“నాన్నా!” జ్యోత్స్న దాదాపు పరిగెత్తుతూ వస్తోంది. “ఎప్పుడో అయిపోయిందట! స్క్రీన్ మార్చలేదంతే! మా ఆఫీసులో ఇలా చేస్తే నన్ను ఆ పూటే ఇంటికి పంపేస్తారు. రండి, డాక్టర్‌గారు బయటికొచ్చారు.” డాక్టరు ఆకుపచ్చ టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు, నుదుటి మీద టోపీ అచ్చు. పదీ ఇరవైకి గుండె దానంతట అదే కొట్టుకోవడం మొదలుపెట్టిందని, పదకొండూ ఇరవైకల్లా ఆమెను ఐసీయూకు మార్చేశామని, సాయంత్రానికి మెలకువ వస్తుందని, ఇంకా రెండు రోజులు జాగ్రత్తగా చూడాలని చెప్పాడు. నేను చేతిగడియారం చూసుకున్నాను; ఎందుకు చూసుకున్నానో ఆయనకు అర్థమై ఉండదు. పన్నెండూ పన్నెండు. నేను ఆ గోడను చూస్తూ భయపడటం మొదలుపెట్టక ముందే భయపడవలసింది అయిపోయింది. నాలుగు గంటలకు దోషం పది నిమిషాలు, అదీ మనవైపే. ఇక నవ్వు షాటు సంగతా, అది ఆరు వారాలుగా ఎవరిదో కంప్యూటరులో ఉంది, నేను అడిగినా అడగకపోయినా ఉంది, దానికీ ఈ కుట్లకూ సంబంధం లేదు. ఇదంతా స్పష్టంగా, సక్రమంగా నా తలలో అమరింది. అమరిన తరువాత కూడా ఫోనును జేబులోంచి తీసి, ఆ ముక్క పోకుండా ఇంకొక చోట కూడా భద్రపరచమని జ్యోత్స్న చేతికి ఇచ్చాను.

ఐసీయూ తలుపు దగ్గర దీవెన అనే నర్సమ్మాయి నాకు నీలం గౌను తొడిగి, వెనుక ముడి వేసి, “రెండు నిమిషాలే తాతగారూ. చెయ్యి పట్టుకోవచ్చు, గొట్టాలు మాత్రం ముట్టుకోవద్దండి,” అంది. పద్మావతి నోట్లో గొట్టం ఉంది, కళ్ల మీద తడి గుడ్డ ఉంది, ముఖం మైనంలా ఉంది. ఆరోజు దిమ్మ మీద కూడా ఇంత బాగా పడుకోలేదు. రొమ్ము లేస్తోంది, దిగుతోంది. గోరుమందం కాదు, అంతకు రెట్టింపు. నిమిషానికి పద్నాలుగు సార్లు. పక్కన ఉన్న యంత్రం గాలి నెడుతోంది కనుక లేస్తోంది, ఆపుతోంది కనుక దిగుతోంది. కారణం నాకు పూర్తిగా తెలుసు. తెలిసీ వంగాను. గొట్టాలకు తగలకుండా ఎంతవరకు వంగవచ్చో అంతవరకు వంగి, యంత్రం చప్పుడు కింద ఇంకొక చప్పుడు ఉందేమోనని చెవి పెట్టాను. మందు వాసన, పొడిపొడిగా వెచ్చదనం. ఆ తరువాత, అంత దగ్గరగా ఉన్నాను కనుక, మాట్లాడటం మొదలుపెట్టాను.

“తాతగారూ, మత్తు ఇంకా దిగలేదండి. ఆవిడకి వినపడదు,” అంది దీవెన వెనుకనుంచి.

“తెలుసమ్మా,” అన్నాను.

ఆరోజు ఆమెకు నవ్వు వచ్చింది మూడో వాక్యం దగ్గర. రెండు నిమిషాల్లో మూడు వాక్యాలు తేలిగ్గా పడతాయి. ఈసారి ఆమెకు ఎదురుగా, ఆమె ముఖాన్నే చూస్తూ, మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాను.